తీరికవేళ పని

హైదరాబాదులో కూర్చుని ఊలు అల్లుతున్నామంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. పట్టుమని రెండు నెలలు చలి ఉండని ఊరాయె. డిసెంబరు రాత్రి ఏ 14, 15 డిగ్రీలకో దిగిందంటే చాలు, చెవులకి మఫ్లరు చుట్టుకుని, "అబ్బ, ఈ ఏడు చలి ఎక్కువేనండీ!" అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ నాలుగు రోజుల ముచ్చట తీర్చడానికి టిబెట్టువాళ్ళు లూధియానా స్వెట్టర్లు మూటలకొద్దీ తెచ్చి దుకాణాలు పెట్టనే పెడతారు. మరి ఇంట్లో రెండు సూదులు పట్టుకుని మెడనొప్పి తెచ్చుకోవడం దేనికీ అంటే, మా పక్క ఫ్లాటు పిన్నిగారు ఒకటే సమాధానం చెబుతారు.

"మా కోడలు చేసేది హైటెక్ సిటీలో ఉద్యోగమమ్మా!"

ఈ మాట కొత్తవాళ్ళకి బోధపడదు. మే నెలలో, బయట 42 డిగ్రీల ఎండ మాడ్చేస్తూంటే, మాదాపూరు, గచ్చిబౌలి అద్దాలమేడల్లో ఆడపిల్లలు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. అంతా ఏ.సీ. మహిమ. పక్క సీటు అబ్బాయి మాత్రం చొక్కా చేతులు మడుచుకుని హాయిగా ఉంటాడు. మన పిల్లల సుకుమారం అనుకునేరు! ఆఫీసు గదుల్లో చల్లదనం ఎంత ఉండాలన్న లెక్క 1960లలో కట్టారు. కట్టేటప్పుడు 40 ఏళ్ళ వయసూ, 70 కిలోల బరువూ ఉన్న మగమనిషి ఒంటివేడిని కొలబద్దగా పెట్టుకున్నారు. ఆ లెక్క ఆడవాళ్ళ ఒంటికి సరిపోదని నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులిద్దరు 2015లో తేల్చి చెప్పారు. చెబితే ఏం లాభం, మీట ఎవరి చేతిలో ఉందీ? అందాకా పిన్నిగారి శాలువాలే గతి.

ఆవిడ చేతికింద ఎప్పుడూ రెండు మూడు పనులు నడుస్తూనే ఉంటాయి. కోడలికి ముదురాకుపచ్చ శాలువా. మనవడికి టోపీ. బళ్ళో పారేసుకొచ్చిన రెండూ పోగా ఇది మూడోది. అమెరికాలో ఉన్న మేనకోడలికి ఏడో నెల, పుట్టబోయే బిడ్డకి బుల్లి మేజోళ్ళు. బాబాయిగారు రిటైరయ్యాక ఆయనకీ ఇంట్లో ఒక ఉద్యోగం వేశారు. ఆయన రెండు చేతులూ చాపి కూర్చుంటే, ఆ చేతులకి ఊలు చిలప తగిలించి ఈవిడ ఉండ చుడతారు. పేపరు పట్టుకోడానికి వీల్లేదు కనక ఆయన టీవీలో చర్చలు వింటూ, వచ్చినవాళ్ళందర్నీ తిడుతూంటారు. పాలు పొంగుతున్నాయని కేకేస్తే "ఉండండి, ఈ వరసైపోనీ" అంటారు పిన్నిగారు. వరస మధ్యలో లేస్తే కుట్ల లెక్క తప్పుతుందని ఆవిడ, లీటరు పాల ఖరీదెంతో తెలుసా అని ఆయన.

"మా అత్తయ్యగారికి టైమ్ పాస్ అండీ" అంటుంది కోడలు, ప్రేమగానే.

ఆ టైమ్ పాస్ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఈ పనికి ఆ పేరు ఎప్పుడొచ్చింది, ఎవరు పెట్టారు?

ఈజిప్టులో నూలుతో అల్లిన మేజోళ్ళు దొరికాయి. నీలమూ తెలుపూ కలిపి అల్లినవి, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందటివి. అక్కణ్ణించి ఆ విద్య ఐరోపాకి పాకింది. పదహారో శతాబ్దం వచ్చేసరికి అక్కడి పట్నాల్లో అల్లికపనివాళ్ళకి సంఘాలుండేవి. అందులో సభ్యులు మగవాళ్ళు. ఏళ్ళ తరబడి గురువు దగ్గర శుశ్రూష చేసి, టోపీ, చొక్కా, మేజోళ్ళు, పువ్వులూ లతలూ తీర్చిన తివాచీ అల్లి చూపిస్తేగాని పనిమంతుడని ఒప్పుకునేవాళ్ళు కారు. అప్పుడెవరూ దాన్ని కాలక్షేపం అనలేదు మరి!

1589లో ఇంగ్లండులో విలియం లీ అనే మతాచార్యుడు మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. తను మనసిచ్చిన పిల్ల తనకేసి చూడకుండా ఎంతసేపూ అల్లికకేసే చూస్తోందని కోపం వచ్చి కనిపెట్టాడని ఒక కథ. కథే లెండి. కాని ఎలిజబెత్ రాణి ఆ యంత్రానికి పేటెంటు ఇవ్వకపోవడం మాత్రం కథ కాదు. చేత్తో అల్లుకు బతికేవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుందని ఆవిడ సందేహించిందంటారు. రాణి ఆపితే యంత్రం ఆగుతుందా? తరవాత తరవాత ఊరూరా పాకింది. లాభమున్న పని యంత్రాలవైపు వెళ్ళిపోయింది. సూదులు మిగిలింది పేదింట్లో కూలికి, ఉన్నవాళ్ళింట్లో కాలక్షేపానికి.

మన దేశానికి ఇది దొరసానులతోనూ, మిషను బళ్ళతోనూ వచ్చింది. కాన్వెంటులో కుట్టుపని క్లాసు ఉండేది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి అల్లికలొచ్చు" అన్నది సంగీతం తరవాతి అర్హత. వారపత్రికల మహిళల పేజీల్లో స్వెట్టరు నమూనాలు పడేవి, అవి కత్తిరించి డైరీల్లో అంటించుకునేవాళ్ళం. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు దేశమంతటా ఆడవాళ్ళు జవాన్ల కోసం స్వెట్టర్లు అల్లారు. సరిహద్దు మంచులో సైనికుడి ఒంటిమీద పడ్డాక ఆ కొన్నాళ్ళపాటు అది దేశసేవ అయింది. యుద్ధం ఆగింది, మళ్ళీ టైమ్ పాస్ అయిపోయింది.

ఇక మన తెలుగుదేశం సంగతి. ఊలు మనకి చుట్టపుచూపుగా వచ్చింది కాని, కొక్కెం సూదితో అల్లే లేసు మాత్రం గోదావరి ఒడ్డున కాపురమే పెట్టేసింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నరసాపురం ప్రాంతంలో నేర్పారు. నేర్చుకున్నది పేద క్రైస్తవ స్త్రీలతో ఆగలేదు. గడప దాటడం తమ పరువుకి తక్కువనుకునే ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా పట్టుకున్నారు. పొలం పనికి వెళ్తే నామోషీ. అరుగుమీద కూర్చుని లేసు అల్లితే ఎవరూ ఏమీ అనరు, అందంగా కూడా ఉంటుంది. ఆ అందంలోనే ఉంది కిటుకంతా.

1978, 79లలో మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఉండి ఈ ఆడవాళ్ళ రోజును గంట గంటగా రాసుకుంది. 1982లో పుస్తకం వేసింది. ప్రపంచ బజారుకి సరుకు తయారుచేసే గృహిణులని ఆ పుస్తకం పేరులోనే పెట్టింది. ఆవిడ చూసిందేమిటంటే, లక్షకు పైబడిన ఆడవాళ్ళు రోజుకి ఆరు నించి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వంటా, వార్పూ, నీళ్ళు తేవడం, పిల్లలూ, పశువులూ దానికి అదనం. ఆ లేసు ఐరోపాకీ, అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ ఓడలెక్కి వెళ్తోంది. అంత అల్లినా రోజు కూలి రూపాయి కూడా పడటంలేదు. ఆనాటి వ్యవసాయకూలీ స్త్రీకి అంతకంటే ఎక్కువే వచ్చేది.

ఎందుకంటారా? వాళ్ళు పనివాళ్ళ లెక్కలోకి రాలేదు కనక. ఇంటిపట్టున ఉండే గృహిణులు, తీరికవేళ ఏదో అల్లుకుంటున్నారు! షావుకార్లూ అదే అన్నారు, మొగుళ్ళూ అదే అన్నారు. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే ఆ అల్లేవాళ్ళు కూడా "ఏముందండీ, ఇంట్లోనే" అనేవాళ్ళేమో, మనమంతా అలా అన్నవాళ్ళమే కదా. పని ముక్కలు చేసి పంచడం ఇంకో ఏర్పాటు. విడివిడి పువ్వులు అల్లేది చేతిపని. అవి కలిపి బల్లగుడ్డగానో, దుప్పటిగానో అమర్చేది అతుకుపని. చేతిపని చేసినామెకి తన పువ్వు ఎక్కడ ఏ గుడ్డలో కలిసిందో తెలీదు, ఆ గుడ్డ ఎంతకి అమ్ముడైందో అంతకంటే తెలీదు. ఏజంటు సైకిలు మీద వచ్చి దారం ఇచ్చి, పువ్వులు పట్టుకుపోతాడు. బజారుకి వెళ్ళి బేరమాడే హక్కు గడప లోపలి మనిషికి ఎలా వస్తుంది? పరువు పేరు చెప్పి కూలి తగ్గించడం ఎంత సుళువో చూడండి.

ఇదేదో గోదావరి జిల్లా పాత ముచ్చట, కంప్యూటర్ల పేటకీ దీనికీ సంబంధమేమిటంటారేమో. చాలా ఉంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన చిల్లులు పొడిచిన అట్టలతో నడిచే మగ్గం చేశాడు. చిల్లున్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. కంప్యూటరుకి తాతలాంటి యంత్రాన్ని ఊహించిన బాబేజ్ ఆ అట్టల్నే అరువు తెచ్చుకున్నాడు. దాన్ని వివరిస్తూ 1843లో అడా లవ్‌లేస్ అనే ఇల్లాలు జకార్డ్ మగ్గాన్నే ఉపమానంగా చెప్పింది. ఉందీ లేదూ, ఒకటీ సున్నా. పిన్నిగారి నిట్టూ పర్లూ కూడా అంతే. ఆవిడ కాగితం మీద గళ్ళు గీసి నలుపూ తెలుపూ దిద్దుకుంటూంటే కోడలు చూసి, "అత్తయ్యా, మీరు ప్రోగ్రాం రాస్తున్నారు" అంది ఒకరోజు. "రాస్తే నీ జీతమిస్తారా?" అన్నారావిడ, తలెత్తకుండా.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్ళిన అపోలో నౌకలో కంప్యూటరు జ్ఞాపకశక్తిని చేత్తో నేశారు. అమెరికాలో వాల్తమ్ అనే ఊరి కార్ఖానాలో ఆడవాళ్ళు బల్లలముందు కూర్చుని సన్నటి రాగితీగల్ని సూదితో చిన్న చిన్న ఉంగరాల గుండా నడిపారు. తీగ ఉంగరంలోంచి వెళ్తే ఒకటి, పక్కనించి వెళ్తే సున్నా. ఒక్క తీగ తప్పినా ప్రోగ్రాం తప్పినట్టే. ఇంజనీర్లు దానికి పెట్టిన ముద్దుపేరు ముసలమ్మల మెమరీ! చూశారా, చంద్రుడి దాకా వెళ్ళినా మనకి దక్కిన పేరు అది.

హైటెక్ సిటీలో పది అంతస్తుల సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అందరికీ గుర్తున్న తారీఖు అదే. కాని ఆ దారిలో చేతిపనులవాళ్ళు అంతకంటే ముందే ఉన్నారు. శిల్పారామానికి 1992లోనే అంకురార్పణ జరిగింది. అప్పుడు మాదాపూరు అంటే బండరాళ్ళూ, తుప్పలూ. ఇప్పుడు ఒకవైపు అద్దాలమేడలు, ఒకవైపు కుండలూ, బొమ్మలూ, చేనేత చీరెలూ.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక ఆ పేరు పెట్టుకుని వేరే ఊరివాళ్ళు, యంత్రాలవాళ్ళు అమ్మడానికి వీల్లేదన్నమాట. అల్లేవాళ్ళు సంఘాలు పెట్టుకుని సొంతంగా అమ్ముకోడం కూడా కొన్నేళ్ళుగా జరుగుతోంది. కూలి ఎంత పెరిగిందన్నది మాత్రం గుర్తింపు పత్రంలో రాసి ఉండదు.

కిందటి చలికాలం ఒక ఆదివారం పిన్నిగారూ, కోడలూ, నేనూ శిల్పారామం వెళ్ళాం. ఒక లేసు దుకాణంలో తెల్లటి బల్లగుడ్డ పరిచి ఉంది. ధర విని మా ముందున్నావిడ, "దారప్పోగులకి ఇంతా! సగానికిస్తావా?" అంది. అమ్మే ఆవిడ ఏమీ అనలేదు. గుడ్డ మడవబోయింది. పిన్నిగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. కళ్ళజోడు పైకి తోసుకుని, పువ్వుల్ని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అడ్డం పన్నెండు, నిలువు ఎనిమిది.

"తొంభై ఆరు పువ్వులు" అన్నారు. "చెయ్యి తిరిగినవాళ్ళకైనా ఒక్కోటీ అరగంట. నలభై ఎనిమిది గంటలు. ఏమే అమ్మాయ్, మీ ఆఫీసులో అయితే ఎన్నాళ్ళ పని?"

"ఆరు రోజులత్తయ్యా" అంది కోడలు. బేరమాడినావిడ చేతిలో బల్లగుడ్డ అంచు వదిలేసింది.

అమ్మే ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. "అతుకుపని కలపలేదండి మీరు. దానికింకో నాలుగు రోజులు."