విచ్ఛిత్తి శకలములను వేరుపరచిన విధము

పరమాణు కేంద్రకము చీలునని కనుగొన్న కథ సుప్రసిద్ధము. చీలిన ముక్కలెట్టివో నిర్ణయించిన కథ అంతగా ప్రచారములోనికి రాలేదు. దానిని సంగ్రహముగా తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

1938 డిసెంబరులో బెర్లిన్ నగరమున ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞులు న్యూట్రాన్ల తాకిడికి లోనైన యురేనియమునందు బేరియమును గుర్తించిరి. కేంద్రకమే రెండుగా చీలినదని 1939 ఆరంభమున లీజె మైట్నర్, ఆటో ఫ్రిష్ వివరించిరి. అయితే ఈ చీలిక ప్రతిసారియు ఒకే తీరున జరుగదు. యురేనియము 235 మందగతి న్యూట్రానుచే చీలినపుడు శకలముల ద్రవ్యరాశి సంఖ్యలు ఒకవైపు 95 చెంతను, మరొకవైపు 140 చెంతను గుమిగూడును. సరిసగముగా చీలుట అరుదు.

రసాయన ప్రక్రియ శకలము ఏ మూలకమో చెప్పును. దాని ద్రవ్యరాశిని చెప్పజాలదు. క్రిప్టాన్ వాయువును వేరుచేసినను అందు 89, 90, 91 సంఖ్యలుగల ఐసోటోపులు కలిసియే యుండును. వీని అర్ధజీవితకాలములు వరుసగా సుమారు 3 నిమిషములు, 32 సెకండ్లు, 9 సెకండ్లు మాత్రమే.

ద్రవ్యరాశినిబట్టి వేరుపరచు ఉపాయము అంతకు పూర్వమే కలదు. 1919లో కేంబ్రిడ్జియందు ఆస్టన్ నిర్మించిన యంత్రము అట్టిది. కళ్లమున తూర్పారబట్టునపుడు పొల్లు దూరముగను, గట్టిగింజ దగ్గరగను పడును. ఇచట గాలి చేయు పనిని అయస్కాంతము చేయును. సమానమైన ఆవేశమును, శక్తియు గల అయాన్లలో తేలికవి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగును. కాని క్షణజీవులగు శకలములను యంత్రమువరకు చేర్చుట యెట్లు?

ఈ చిక్కును 1951లో కోపెన్‌హేగెన్‌నందు కోఫోడ్-హాన్సెన్, నీల్సెన్ అను వారు విడదీసిరి. యురేనియము ఆక్సైడును రొట్టెలు పొంగించు పొడితో కలిపి, సైక్లోట్రాను పుట్టించిన న్యూట్రాన్లకు గురిచేసిరి. పొడినుండి వెలువడిన వాయువులు క్రిప్టానును గొట్టముద్వారా నేరుగా విభాజక యంత్రమునకు కొనిపోయెను. ఉత్పత్తియు విభజనయు ఒకే ధారలో సాగుట ఇచటి విశేషము. ఈ పద్ధతినే 1967లో జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థలో ఐసోల్డె కేంద్రము చేపట్టెను. ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమున లోహెన్‌గ్రిన్ అను యంత్రము శకలములను ఎచటను ఆపకయే మైక్రోసెకండ్లలో వేరుచేయగలిగెను.

ఇది కేవల జిజ్ఞాసకు సంబంధించిన విషయము కాదు. రియాక్టరును ఆపివేసినను శకలముల క్షయమువలన వేడి పుట్టుచునే యుండును. ఆపిన తక్షణమున అది పూర్వపు శక్తిలో నూటికి 6, 7 వంతులుండును. 2011 మార్చిలో జపానునందు ఫుకుషిమాలో ఆపిన రియాక్టర్లను చల్లార్చలేకపోవుటవలన కలిగిన అనర్థము విదితమే. ఏ శకలము ఎంత పుట్టునో, ఎంతకాలము నిలుచునో ఎరిగిననే ఆ వేడిని ముందుగా లెక్కింప వీలగును. అట్టి లెక్కకు ఆధారమైన జ్ఞానములో ఈ విభాజక యంత్రముల పాలు గొప్పది.