బత్తెం బియ్యం, మీలీ రైస్

ఈ పత్రికలో ఓడల గూర్చి, దేవాలయాల గూర్చి, భజనల గూర్చి, మన సంఘాలను నిలబెట్టిన పెద్దల గూర్చి ఎన్నో వ్యాసాలు వెలువడినవి. మన పొయ్యి గూర్చి మాత్రం ఎవరూ చరిత్రగా వ్రాసినట్లు మేము చూడలేదు. పెళ్ళి భోజనం గూర్చి వ్రాస్తాము, ఉగాది పచ్చడి గూర్చి వ్రాస్తాము. నెలాఖరున చేతిలో డబ్బు అయిపోయినప్పుడు మన అవ్వలు ఏమి వండారో వ్రాయము. మా అభిప్రాయంలో నేటాల్ తెలుగువారి చరిత్రలో సగభాగం ఆ నెలాఖరు కుండలోనే ఉన్నది.

మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. ఆనాటి నుండి 1911లో ఈ వలసను నిలిపివేసే వరకు లక్షా యాభై రెండు వేలకు పైగా ఒప్పంద కూలీలు నేటాల్‌కు వచ్చారు. మద్రాసు రేవున ఓడలెక్కిన వారిలో నెల్లూరు, ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఉన్నారు. ఇంతవరకు మనకందరికీ తెలిసిన సంగతే. ఒప్పందం ప్రకారం మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపైన ఏడాదికి ఒక్కొక్క షిల్లింగు చొప్పున పెంపు. జీతంతోపాటు బత్తెం.

బత్తెం అనే మాట నేటి మన పిల్లలకు తెలియదు. జీతం గాక పనివాని తిండికి యజమాని కొలిచి ఇచ్చే గింజలు బత్తెం. మగవానికి రోజుకు సుమారు ఒకటిన్నర పౌన్ల బియ్యం, నెలకు కొద్ది పౌన్ల పప్పు, కొంచెం ఉప్పుచేప, కొంచెం నూనె లేక నెయ్యి, ఉప్పు. బియ్యం బదులు మొక్కజొన్న పిండి కొలవడం కూడా ఉండేది. పిండి ఈ దేశంలోనే పండే గింజది, చవక. బియ్యం సముద్రం దాటి రావాలి. యజమానికి ఏది లాభమో వేరుగా చెప్పనక్కరలేదు.

స్త్రీకి జీతంలోను, బత్తెంలోను సగమే. ఆమె పనిలోకి రాని నాడు ఆ సగాన్ని కూడా ఆపివేసిన ఎస్టేట్లు ఎన్నో ఉన్నవి. గర్భిణికి, జబ్బుపడిన దానికి, చంటిబిడ్డ తల్లికి ఇది ఎంతటి దెబ్బయో పాఠకులు ఊహించుకొనవచ్చును. 1866లో ఆగిన వలస మరల మొదలు కాకముందు, 1871లో స్వదేశం చేరిన తొలి కూలీలు ఇక్కడ జీతాలు పట్టివేస్తున్నారని, బాధలు పెడుతున్నారని మద్రాసులో మొరపెట్టుకొన్నారు. దానిపై 1872లో నేటాల్‌లో కూలీ కమిషన్ కూర్చున్నది. 1874లో ఓడలు మరల వచ్చినవి. కమిషన్ల కాగితాలలో జీతం, దెబ్బలు, ఆసుపత్రి, పారిపోయిన వారి లెక్క కనబడతాయి. ఒక మగవాని బత్తెం, ఒక స్త్రీ సగం బత్తెం, తినే నోళ్ళు నాలుగో అయిదో ఉంటే ముప్పది రోజులు ఎట్లా గడిచినవో ఆ కాగితాలలో వెదికినా దొరకదు. ఆ విద్య ఆడవారి చేతిలో ఉండేది, చేతి నుండి చేతికే వచ్చింది.

మొట్టమొదటి కొత్త వంట మొక్కజొన్నతోనే. దీనిని మనవారు అసహ్యించుకొన్నారనీ, గత్యంతరం లేక తిన్నారనీ చెప్పడం వాడుక. అది సగం నిజమే. పల్లెలలో పేద తెలుగువాడు రోజూ వరి అన్నం తిన్నవాడు కాడు. చిత్తూరు వైపు వారికి రాగి సంకటి, విశాఖ వైపు వారికి చోడి అంబలి, మెట్ట పొలాల వారికి జొన్నన్నం. పిండితో కడుపు నింపుకొనే నేర్పు వారు ఓడ ఎక్కేటప్పుడే తెచ్చుకొన్నారు. గింజ ఒక్కటే మారింది.

సంకటి పద్ధతి చూడండి. గుప్పెడు బియ్యమో, నూకలో ముందుగా మెత్తగా ఉడికించాలి. అది తుకతుక ఉడుకుతూ ఉండగా పైన పిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. తరువాత కర్ర తెడ్డుతో ఉండలు లేకుండా గెలకాలి. ఒకరికి చాలని బియ్యం నలుగురికి సరిపోతుంది, కంచంలో అన్నం మెతుకు కూడా కనిపిస్తుంది. మా ఇండ్లలో మీలీ మీల్‌తో చేసిన ముద్ద ఇదే. మన పొరుగు జూలూ వారి ఉఫుతు పొడిపొడిగా ఉంటుంది, దానిని పులిసిన పాలు, అనగా అమాసితో కలిపి తింటారు. మనవారు అది కూడా నేర్చుకొన్నారు. పెరుగన్నం ఎరిగిన నోటికి అమాసి కలిపిన ఉఫుతు పరాయిది కాదు. ఇక పిండిని నీళ్ళలో కలిపి రాత్రంతా పులియనిచ్చి కాస్తే అంబలి. అమ్మవారి పూజలలో ఇప్పటికీ మనం పోసే గంజి ఈ మొక్కజొన్న అంబలియే. ఆంధ్రదేశం నుండి వచ్చిన అతిథులు అది చూసి ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపడనివ్వండి. అమ్మవారికి ఊరిలో పండిన గింజ పెట్టడమే ఆచారం. మన ఊరు ఇప్పుడు ఇది.

కూరల విషయానికి వస్తే, బత్తెంలో ఆకు గాని కాయ గాని లేదు. చెరకు గట్ల మీద, బ్యారకుల వెనుక, కాలువల ఒడ్డున తోటకూర దానంతట అది మొలిచేది. జూలూ స్త్రీలు దానిని ఇంబుయా అంటారు, ఇటువంటి ఆకుకూరలన్నిటినీ కలిపి ఇమిఫినో అంటారు. ఏ ఆకు తినదగినదో, ఏది కాదో వారికి తరతరాలుగా తెలుసు. ఆ తెలివి మనకు ఉచితంగా అందినది. దీనికి మనం ఎప్పుడూ బహిరంగంగా కృతజ్ఞత చెప్పినట్లు మాకు గుర్తు లేదు. గుమ్మడి తీగ ఆకులు కూడా అట్లా వచ్చినవే. కాడ విరిచి పైనున్న నారను లాగివేసి, ఆకులను చేతితో నలిపి నూగు పోగొట్టి, తరిగి, ఉల్లి, ఎండుమిరపతో పోపు పెడితే రొట్టెకు గాని సంకటికి గాని చాలిన కూర. పెరట్లో ఒక కరివేప చెట్టు, ఒక మునగ చెట్టు నాటుకొన్న ఇంటికి పప్పులోకి ఆకు కరువు లేదు. డర్బన్ వాతావరణం ఈ రెండింటికీ బాగా పడింది.

అమదుంబె సంగతి వేరుగా చెప్పాలి. మనం మదుంబీ అంటాము. ఇది మన చేమదుంప జాతిదే. మాట వినగానే తెలుగు చెవికి దుంప అనే వినిపిస్తుంది. భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు, మేమూ పట్టుబట్టము. కాని ఒక తెలుగు ఆడమనిషి మొదటిసారి ఆ మాట విని నవ్వుకొని ఉంటుందని అనుకోవడంలో తప్పులేదు. ఆసియాలో పుట్టిన ఈ దుంప మన ఓడల కంటె ఎంతో ముందే సముద్రం దాటి ఆఫ్రికా చేరింది. తొక్కతోనే ఉడికించి, చేతికి నూనె రాసుకొని ఒలిచి, చింతపండు పులుసులో వేయాలి. చింతపండు రుచికి మాత్రమే కాదు, దుంపలోని దురదను చంపడానికి కూడా. ఈ కిటుకు ఇంటి నుండి తెచ్చుకొన్నదే. దాని ఆకులకు పిండి పూసి చుట్టి ఆవిరిలో ఉడికించడం గుజరాతీ, హిందీ ఇండ్ల నుండి నేర్చుకొన్నాము. బజారులో దానిని పాతా అంటారు.

ఒప్పందం ముగిసిన తర్వాత చాలామంది కౌలుకు చిన్న చేను తీసుకొని కూరగాయలు పండించారు. వారి మీద 1895 చట్టం పడింది. మరల ఒప్పందంలో చేరకుండా, తిరిగి ఓడ ఎక్కకుండా ఉండదలచిన వారు ఏటా మనిషికి 3 పౌన్లు కట్టాలి. ఆడవారికి కూడా, 16 ఏండ్ల కొడుకుకు, 13 ఏండ్ల కూతురుకు కూడా. నెలకు 14 షిల్లింగులు తెచ్చుకొనే వానికి 3 పౌన్లు అంటే నాలుగు నెలల జీతానికి మించిన సొమ్ము. 1913 సమ్మె తరువాత 1914లో గాని ఈ పన్ను పోలేదు. ఆ ఏండ్లలో తోటలోని మంచి కాయ బజారుకు, పన్నుకు పోయింది. ఇంటికి మిగిలినవి ముదిరిన కాయలు, తొక్కలు, పై ఆకులు. పచ్చి అరటికాయ తొక్క వేపుడు, బీరతొక్కు పచ్చడి, పచ్చి బొప్పాయి కూర మొదలైనవి ఏ వంటల పుస్తకం చూసి చేసినవి కావు.

ఇక మీలీ రైస్. మొక్కజొన్నను పొట్టు తీసి బియ్యపు గింజంత ముక్కలుగా విరిచినది మీలీ రైస్. పాతకాలం నుండి ఉన్నదే అయినా, ప్రతి ఇంటికీ అది చేరినది రెండవ ప్రపంచయుద్ధంలో. 1942లో బర్మా జపానువారి చేతికి పోవడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. దక్షిణాఫ్రికాలో వరి పండదు. బియ్యం కొరకు డర్బన్‌లో మనవారు వరుసలలో నిలబడ్డారు. యుద్ధం ముగిసినా కష్టం తీరలేదు. ఇక్కడి జాతి చట్టాలకు నిరసనగా 1946లో భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం నిషేధించింది. అది మన గౌరవం కోసం పెట్టిన నిషేధం గనుక దానిని తప్పుపట్టము. కాని మన సరుకులు నేరుగా రావడం నాలుగు దశాబ్దాలకు పైగా ఆగిన మాట నిజం.

మీలీ రైస్‌ను అన్నం వలె వండితే గొంతు దిగదు. ఎన్నో ఇండ్లలో ఎందరో పరీక్షించి చూసిన మీదట నిలిచిన పద్ధతి ఇది. ఒక గ్లాసు మీలీ రైస్‌ను కడిగి రాత్రి నానబెట్టాలి. ఉదయం మూడు నాలుగు గ్లాసుల నీటిలో ఉప్పు, పసుపు వేసి సన్నని మంట మీద ఉడికించాలి. సగం ఉడికిన తర్వాత పావు గ్లాసు కందిపప్పు చేర్చాలి. రెండూ కలిసి మెత్తబడినప్పుడు ఆవాలు, ఎండుమిరప, వెల్లుల్లి, ఉల్లి, కరివేపాకు పోపు వేయాలి. చారు ఉంటే చారు, లేకుంటే టమోటా పచ్చడి. ఇక్కడ ఒక మాట. నేటాల్‌లో మనం చట్నీ అనేది టమోటాలు, ఉల్లి మగ్గించిన కూరను. రోట్లో నూరిన పచ్చడి వేరు. చింతపండు పిరమైన ఇంట టమోటాయే పులుపు అయింది.

మ్యాగజైన్ బ్యారక్సులో నివసించిన డర్బన్ కార్పొరేషన్ పనివారిలో తమిళులు, తెలుగువారే ఎక్కువ. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం తర్వాత, 1960లలో ఆ కుటుంబాలు, కేటో మేనరు తోటల వారు చాట్స్‌వర్త్ మొదలైన చోట్లకు తరలింపబడ్డారు. చిన్న ఇల్లు, చిన్న పెరడు, దూరపు పని, బస్సు ఖర్చు. ఆకు కోసుకొనే గట్టు పోయింది. ఈ కాలపు వంట టిన్ ఫిష్. పశ్చిమ తీరంలో డబ్బాలకెక్కే పిల్చర్డు చేప చవకగా, పాడవకుండా, ప్రతి మూల కొట్టులో దొరికింది. దానితో మన ఆడవారు చేసినది చేపల పులుసే. ఉల్లి, వెల్లుల్లి, కరివేపాకు పోపు, కారం, పసుపు, డబ్బాలోని టమోటా రసం, కొంచెం చింతపండు, నలుగురికి ఒక్క డబ్బా చాలడానికి వంకాయ గాని ఉర్లగడ్డ గాని. ముక్కలు ఉడికి పులుసు చిక్కబడిన పిదప మాత్రమే చేప వేయాలి, లేకుంటే చిదికిపోతుంది. డబ్బాను చూసి ఇది తెలుగు వంట కాదని అనేవారు ఉన్నారు. వారు వాసన చూడలేదని మా అనుమానం.

ఈ మధ్య మన సభల విందులలో మీలీ రైస్ గాని, ఇమిఫినో గాని, మదుంబీ పులుసు గాని కానరావు. అవి దరిద్రపు తిండి, పిల్లల ఎదుట పెట్టరాదు అని కొందరు పెద్దల భావం. మేము దీనితో ఏకీభవింపలేము. శనివారపు తెలుగు తరగతిలో అ, ఆలు రాని పిల్లవానికి కూడా పప్పు, పులుసు, పోపు, కూర, పచ్చడి, ఉప్పు, కారం అనే మాటలు వస్తాయి. వాటిని మేము నేర్పలేదు, వాని ఇంటి పొయ్యి నేర్పింది. మేము కూడా అక్షరాలు ఇటువంటి తరగతులలోనే నేర్చుకొన్నాము, ఈ మాటలు మాత్రం అంతకు ముందే వచ్చినవి. ఇంటిలో తెలుగు మాట్లాడడం ఆగిన రెండు మూడు తరాల తరువాత కూడా ఇవి బతికి ఉన్నవి. వంట మానిన ఇంట ఇవి ఎంతకాలం ఉంటాయి? బియ్యం, నూనె, మాంసం ధరలు పెరిగి నేడు మన పేద కుటుంబాలు మరల నెలాఖరు లెక్కలు వేసుకొంటున్నవి. వారికి ఈ వంటలు చరిత్ర పాఠం కంటె ముందు రేపటి భోజనం. ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌లో ఇప్పటికీ కట్టల కొద్దీ తోటకూర, బుట్టల కొద్దీ మదుంబీ అమ్ముతారు.

మీలీ రైస్‌ను నానబెట్టకుండా ముందు పొడి బాండీలో దోరగా వేయించి వండే ఇండ్లు కూడా ఉన్నవని విన్నాము. ఇది ఏ జిల్లా నుండి వచ్చిన వారి అలవాటో, ఏ ఎస్టేటులో మొదలయినదో తెలిసిన అవ్వలు ఇంకా కొద్దిమందే మిగిలి ఉన్నారు. పాఠకులు తమ ఇంటి పెద్దలను అడిగి, వారి మాటలలోనే, తెలుగులో గాని ఇంగ్లీషులో గాని వ్రాసి సంపాదకులకు పంపవలెనని కోరుతున్నాము. కొలతలు గ్లాసులలో, గుప్పెళ్ళలో చెప్పినా చాలును.