కంపు పోయి పరిమళం వచ్చింది

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో అనుమతి లేకుండా ఇంట్లో కొవ్వొత్తులు చేసుకోవడం నేరం. 1709లో అక్కడి ప్రభుత్వం వాటిపై పన్ను వేసింది. లైసెన్సు తీసుకుని పన్ను కట్టినవాళ్లే తయారు చేయాలంది. పేదలు తుంగ జాతి కాడల తొక్క ఒలిచి, లోపలి మెత్తని బెండును వంటింటి కొవ్వులో ముంచి వెలిగించుకునేవారు. ఆ దీపాలకు పన్ను లేదు. అవి ఎలా చేసేవారో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడు తన ఊరు సెల్బోర్న్ గురించి రాసిన, 1789లో అచ్చయిన గ్రంథంలో వివరంగా చెప్పాడు. కొవ్వొత్తుల పన్ను 1831లో గానీ పోలేదు.

ఆ రోజుల్లో సువాసన మాట దేవుడెరుగు, కంపు లేకుండా వెలిగితే చాలనుకునేవారు. సామాన్యుల ఇళ్లలో కాలేది గొడ్డు కొవ్వు, గొర్రె కొవ్వు. పొగ, మాడు వాసన తప్పేవి కావు. తేనెమైనం శుభ్రంగా వెలిగేది కానీ ధర ఎక్కువ. అది చర్చిలకూ సంపన్నుల మేడలకూ మాత్రమే దక్కేది. లండన్‌లో కొవ్వు పనివారికీ మైనం పనివారికీ సంఘాలే వేరు. మొదటివారికి 1462లో, రెండోవారికి 1484లో రాజుగారి అనుమతి పత్రాలు అందాయి.

పరిమళించే కొవ్వొత్తి ముచ్చట అమెరికా వలస పల్లెల్లో వినిపిస్తుంది. అక్కడ బేబెర్రీ పొదల చిట్టి కాయలకు మైనపు పూత ఉంటుంది. వాటిని నీళ్లలో మరిగించి, పైకి తేలిన ఆకుపచ్చ మైనాన్ని తీసి కొవ్వొత్తులు పోసేవారు. బుట్టెడు కాయలకు వచ్చే మైనం కొంచెమే. వర్జీనియా చరిత్ర రాసిన రాబర్ట్ బెవర్లీ 1705లోనే ఈ కొవ్వొత్తుల గురించి చెప్పాడు. ఆర్పినప్పుడు వచ్చే సువాసన కోసమే కొందరు కావాలని వాటిని ఆర్పేసేవారట!

ఆ తర్వాత స్పెర్మ్ తిమింగలం తల నుంచి తీసిన మైనం వచ్చింది. వెలుగు ఎక్కువ, వాసన తక్కువ. అసలు మలుపు మాత్రం రసాయనశాస్త్రం తెచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రోల్ కొవ్వును విడగొట్టి, గట్టిగా ఉండే స్టియరిక్ ఆమ్లాన్ని వేరు చేశాడు. తోటి శాస్త్రవేత్త గే-లుస్సాక్‌తో కలిసి 1825లో దానితో కొవ్వొత్తుల తయారీకి పేటెంటు పొందాడు. అదే కాలంలో ఫ్రాన్సుకే చెందిన కాంబసెరెస్ జడ అల్లినట్టు అల్లిన వత్తిని తెచ్చాడు. అది కాలుతూ మంటలోకి వంగి తనంతట తానే బూడిదవుతుంది, మసిని మాటిమాటికీ కత్తిరించే పని తప్పింది. 1834లో కొవ్వొత్తులు అచ్చుపోసే జోసెఫ్ మోర్గన్ యంత్రం, 1850లో జేమ్స్ యంగ్ పారాఫిన్ మైనం పేటెంటు వచ్చాయి. కొవ్వొత్తి చవకైంది, కంపు పోయింది, తయారీ ఫ్యాక్టరీకి చేరింది.

అంతా కుదిరేసరికి కిరసనాయిలు దీపం, దాని వెనకే విద్యుత్ బల్బు వచ్చి కొవ్వొత్తికి పని లేకుండా చేశాయి.

వెలుగుతో అవసరం తీరాకే సువాసనకు చోటు దొరికింది. 1963లో పారిస్‌లోని డిప్టిక్ దుకాణం టీ, దాల్చినచెక్క, హాథార్న్ పువ్వు పరిమళాలతో కొవ్వొత్తులు తెచ్చింది. 1969లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మైకేల్ కిట్రెడ్జ్ అనే కుర్రాడు రంగు క్రేయాన్లు కరగబెట్టి అమ్మకు క్రిస్మస్ కానుకగా కొవ్వొత్తి చేశాడు. పక్కింటావిడ దాన్ని కొనేసింది. యాంకీ క్యాండిల్ కంపెనీకి అదే నాంది. 1990ల్లో సోయా మైనం రావడంతో తయారీ మళ్లీ వంటింటికి చేరింది.

తెలుగు ఇళ్లలో సువాసన అంటే సాంబ్రాణి, అగరుబత్తీ. కొవ్వొత్తి కరెంటు పోయినప్పటి అవసరం. ఇప్పుడు ఇక్కడా సోయా మైనం పలుకులు, గాజు గ్లాసులు తెప్పించుకుని సొంతంగా చేసుకునేవారున్నారు. ఈ మైనం మెత్తన కాబట్టి గ్లాసులోనో డబ్బాలోనో పోయాలి. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి, 200 గ్రాముల మైనానికి 12 నుంచి 20 గ్రాముల సుగంధ తైలం కలపాలి. గడ్డకట్టాక వారం, రెండు వారాలు ఆగితే వాసన బాగా పడుతుంది. వెలిగించే ముందు వత్తిని అర సెంటీమీటరు ఉండేలా కత్తిరించాలి. మైనం గిన్నె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయకండి. స్టవ్ ఆపి, మూత పెట్టేయండి.