లీజు లైనూ, రౌటరూ, మాష్టారి కమ్యుటేషన్ సొమ్మూ



ప్రత్యేక సంచికకు చరిత్ర కలిసిన జ్ఞాపకం ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను రాష్ట్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాడిని. సర్వీసులో ఎక్కువ భాగం స్టోర్స్ సెక్షన్‌లోనే గడిచింది. బీరువాలు, టైపు మిషన్లు, డూప్లికేటరు సిరా, ఆ తరువాత కంప్యూటర్లు - వీటికి కొటేషన్లు పిలిచి కంపారటివ్ స్టేట్‌మెంట్ వేయడమే నా పని. ఆ విద్య ఒక్కసారి మాత్రం ఆఫీసు బయట అవసరపడింది. ఆ ముచ్చటే ఇది.

1999 వేసవిలో ఏలూరులో మా పక్కింటి మాష్టారు నన్ను పిలిచారు. అంతకు ముందు ఏడాదే హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి వచ్చిన సొమ్మును రెండు భాగాలు చేశారు. ఒక భాగం చిన్నమ్మాయి పెళ్లికి, రెండోది కొడుకు వ్యాపారానికి. కొడుకు మరి ఇద్దరు స్నేహితులతో కలిసి ఊళ్లో ఇంటర్నెట్ సర్వీసు పెట్టబోతున్నాడు.

"జీవితమంతా కొటేషన్లు చూసినవాడివి. ఈ కాగితాలు నాకు అర్థం కావడం లేదు. వీడేమో పెద్ద మిషనే కావాలంటున్నాడు. అది కొంటే పెళ్లి డబ్బు ముట్టుకోవాలి. ఒకసారి చూసి పెట్టవయ్యా" అన్నారు మాష్టారు.

ఇక్కడ ఆనాటి పరిస్థితి కొంచెం చెప్పాలి. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మొదలుపెట్టింది. మూడేళ్లపాటు ఆ సంస్థదే గుత్తాధిపత్యం. 1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేటు వారికి తలుపులు తెరిచింది. దేశమంతటికీ 'ఎ' తరగతి, ఒక టెలికాం సర్కిల్‌కు 'బి' తరగతి, సుమారుగా ఒక జిల్లాకు 'సి' తరగతి లైసెన్సులు ఇచ్చారు. మొదటి అయిదేళ్లు లైసెన్సు ఫీజు లేదు, ఆపైన ఏడాదికి ఒక్క రూపాయి. 'సి' తరగతికి 3 లక్షల బ్యాంకు గ్యారంటీ చాలు. అందుకే చిన్న ఊళ్ల కుర్రవాళ్లు కూడా ధైర్యం చేశారు.

వ్యాపారం చెప్పడానికి సులువుగానే ఉంటుంది. హైదరాబాదు నుంచి మన ఊరికి టెలికాం శాఖవారి దగ్గర ఒక లీజు లైను అద్దెకు తీసుకోవాలి. అది రాత్రింబవళ్లు మనకే కేటాయించిన తీగ. దాని సామర్థ్యం సెకనుకు 64 కిలోబిట్లు. ఇటువైపు కొన్ని టెలిఫోన్ లైన్లు, వాటికి మోడెములు ఉంటాయి. చందాదారు ఇంటి నుంచి ఫోను కలుపుతాడు. అతని సమాచారాన్ని లీజు లైనులోకి, లైనులోంచి వచ్చినదాన్ని అతనికి పంపే యంత్రమే రౌటరు. మన ఆఫీసులో తపాలా విభజించే డిస్పాచ్ గుమాస్తా ఉండేవాడు కదా, అతని పనే దీని పని.

ఆ డిస్పాచ్ గుమాస్తాకు ఒక వంశవృక్షం ఉంది. 1967లో అమెరికా రక్షణ శాఖవారు తమ కంప్యూటర్లను కలపాలనుకున్నప్పుడు, ఆ పని పెద్ద కంప్యూటర్ల నెత్తిన పెట్టకుండా ఒక్కోదాని ముందు ఒక చిన్న కంప్యూటరును కాపలా ఉంచమని వెస్లీ క్లార్క్ అనే ఇంజనీరు సలహా చెప్పాడు. బి.బి.ఎన్. అనే సంస్థ హనీవెల్ కంప్యూటర్లతో బీరువా అంతటి యంత్రాలు చేసి ఇచ్చింది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజలిస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం బయలుదేరింది. 'లాగిన్' అనే మాటలో రెండు అక్షరాలు చేరేసరికి అవతలి కంప్యూటరు ఆగిపోయింది. ఆ యంత్రాలను కలిపినవి కూడా లీజు లైన్లే, సామర్థ్యం సెకనుకు 50 కిలోబిట్లు. అంటే ముప్ఫై ఏళ్ల తరువాత మాష్టారి అబ్బాయి తీసుకోబోయే లైను దానికంటే పెద్ద వేగమైనదేమీ కాదు!

తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోనే రకరకాల నెట్‌వర్కులను కలిపే పెట్టె తయారైంది. అక్కడ పనిచేసిన లియొనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ దంపతులు 1984లో సిస్కో కంపెనీ పెట్టి ఇటువంటి పెట్టెలు అమ్మకానికి తెచ్చారు. 1990లలో చిన్న ఇంటర్నెట్ సంస్థలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు లివింగ్‌స్టన్ కంపెనీవారి పోర్ట్‌మాస్టర్ పెట్టెలు కూడా పేరు పొందాయి. చందాదారు పేరు, పాస్‌వర్డ్ సరిచూసే 'రేడియస్' పద్ధతి ఆ కంపెనీలో పుట్టినదే. కొనే స్తోమత లేనివారు మామూలు కంప్యూటరులో ఒక కార్డు దూర్చి, లైనక్స్ గాని ఫ్రీ బి.ఎస్.డి. గాని ఎక్కించి దాన్నే రౌటరుగా వాడుకునేవారు.

మాష్టారు నా ముందు పెట్టినవి మూడు కొటేషన్లు. మొదటిది సిస్కో 3600 వరుసలోని పెద్ద యంత్రం. రెండోది సిస్కో 2511. మూడోది కంప్యూటరు, కార్డు. మొదటిదాని ధర మూడోదానికి ఏడు రెట్లు.

ధరలను పోల్చడం తెలిసినంత సులువుగా వస్తువులను పోల్చడం తెలియదు. అందుకని అబ్బాయిని కూర్చోబెట్టి గుమాస్తా ప్రశ్నలే వేశాను. "రోజుకు ఎన్ని కవర్లు వస్తాయి నాయనా?" అని అడిగాను. అబ్బాయి కాగితం మీద లెక్క కట్టాడు. పెద్ద ప్యాకెట్టు ఒకటి 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. 64 కిలోబిట్ల లైనులో సెకనుకు అయిదు మించి పట్టవు. 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే 125. రెండో కొటేషన్‌లోని పెట్టె సెకనుకు వేల ప్యాకెట్లు పంపగలదు. రోజుకు పది ఉత్తరాలు వచ్చే ఆఫీసుకు నలుగురు డిస్పాచ్ గుమాస్తాలెందుకు? ఇరుకు ఉన్నది లైనులో, పెట్టెలో కాదు.

"అది కాదు బాబాయిగారూ, ప్రపంచంలోని రూట్లన్నీ పెట్టుకోవాలంటే మెమరీ కావాలి. చిన్నదానిలో 16 ఎం.బి. మించి వేయలేం, చాలదని డీలరు చెప్పాడు" అన్నాడు అబ్బాయి.

డీలరు అబద్ధం చెప్పలేదు. ఏ నెట్‌వర్కుకు ఏ దారిన పోవాలో రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిని బి.జి.పి. అంటారు. 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనాల దగ్గర చేతిరుమాలు కాగితాల మీద దాని రూపురేఖలు గీశారని ప్రసిద్ధి. 1998 నాటికి ఆ దారుల జాబితా 50 వేలకు చేరింది. నేడు 9 లక్షలు దాటింది. జాబితా మొత్తం పట్టాలంటే పెద్ద పెట్టె కావలసిందే.

అప్పుడు నేను మా అమ్మమ్మగారి ఊరి బ్రాంచి పోస్టాఫీసు కథ చెప్పాను. ఆ ఊరికి రోజూ ఒక్కటే తపాలా బస్సు. ఊళ్లో పంచవలసిన ఉత్తరాలను పోస్టుమాస్టరు పక్కకు తీసి, మిగిలినవన్నీ ఒకే సంచిలో వేసి సీలు వేసేవాడు. కాశీకి ఏ రైలు, కటకానికి ఏ రైలు అన్నది అతనికి అక్కరలేదు. రెండు బస్సులు ఉన్నప్పుడే ఏది ఎందులో వేయాలన్న ప్రశ్న వస్తుంది. "మీకు ఎన్ని లైన్లు నాయనా?" అన్నాను. "ఒకటే" అన్నాడు. "రెండోది ఎప్పుడు?" అన్నాను. తల వంచుకున్నాడు. మాష్టారు నవ్వారు. ఊరివి కానివన్నీ ఆ ఒక్క లైనులోకి పంపమని ఒకే వరుస రాస్తే చాలునని, దాన్ని డిఫాల్ట్ రూటు అంటారని అబ్బాయే ఒప్పుకున్నాడు.

ఇక మూడోది. ధర తక్కువ, పనికీ చాలుతుంది. కాని కరెంటు పోయి వచ్చే మన ఊళ్లో హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటరు ఒక్కసారిగా ఆగితే, మళ్లీ లేచే వరకు నమ్మకం లేదు. దాన్ని బాగుచేయగలవాడు అబ్బాయి ఒక్కడే. అతడు జ్వరంతో పడుకుంటే సంస్థ కూడా పడుకుంటుంది. రెండోదానిలో డిస్కు లేదు. పైగా ఆ ఒక్క పెట్టెకే పదహారు మోడెములు తగిలించవచ్చు. లీజు లైనుకు సీరియల్ పోర్టులు రెండున్నాయి. నా స్టేట్‌మెంట్ చివర 'రెండవ కొటేషన్ సిఫారసు చేయడమైనది' అని రాసి సంతకం పెట్టాను. పెళ్లి డబ్బు పెళ్లికే మిగిలింది.

ఇంతటితో నా గొప్ప అయిపోయింది. ఇప్పుడు నా తప్పు. పెట్టె వచ్చింది, లైను సిద్ధమైంది, అద్దె మొదలైంది. తీరా చూస్తే మోడెమునూ పెట్టెనూ కలిపే కేబులు లేదు. ఆ సీరియల్ పోర్టుకు అరవై పిన్నుల ప్రత్యేకమైన కొస ఉన్న వి.35 కేబులు కావాలి. దాన్ని విడిగా కొనాలి. కొటేషన్‌లో లేదు, డీలరు చెప్పలేదు, నేను అడగలేదు. ఆఫీసులో వందల ఆర్డర్లలో 'అన్ని భాగములతో సంపూర్ణముగా సరఫరా చేయవలెను' అని రాసినవాడిని, ఇక్కడ ఆ ఒక్క వాక్యం మరిచాను. కేబులు మద్రాసు నుంచి రావడానికి పదిహేడు రోజులు పట్టింది. ఆ పదిహేడు రోజుల అద్దె మాష్టారి సొమ్మే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ బాధ.

2001 వానాకాలంలో పిడుగు పడి లైను మోడెమూ, పెట్టెలో ఒక సీరియల్ పోర్టూ కాలిపోయాయి. శాఖవారు మోడెము మార్చిన రోజునే అబ్బాయి కేబులు రెండో పోర్టుకు తగిలించి నాలుగు వరుసలు మార్చాడు. సాయంత్రానికి సర్వీసు లేచింది. ఆ రోజు నా సంతకానికి కొంత పరువు దక్కింది.

వ్యాపారం కలకాలం నిలవలేదు. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. ఒక్కొక్క ఇంటికే కనీసం 256 కిలోబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. మొత్తం ఊరికి మా అబ్బాయి తెచ్చిన లైనుకు అది నాలుగింతలు! 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఫోను కలిపి ఇంటర్నెట్ చూసేవారు ఒక్కొక్కరే తగ్గారు. 2006లో కుర్రవాళ్లు దుకాణం కట్టేశారు. మాష్టారికి అసలు తిరిగి వచ్చింది, వడ్డీ రాలేదు. పెద్ద యంత్రం కొని ఉంటే అసలు కూడా వచ్చేది కాదు. ఎందుకంటే పెట్టెకు అయిదేళ్లు, పెన్షన్‌కు జీవితాంతం ఆయుష్షు కావాలి.

అబ్బాయి ఇప్పుడు కేబుల్ ఇంటర్నెట్ నడుపుతున్నాడు. గాజు తీగలు, లాట్వియా దేశపు మైక్రోటిక్ పెట్టెలు వచ్చాయి. పాత 2511 పెట్టెను మాత్రం అమ్మలేదు. మాష్టారు 2014లో కాలం చేశారు.

మిత్రులారా, మన పిల్లలు, మనవలు ఏదో ఒక పేరుతో మన కమ్యుటేషన్ సొమ్ము అడుగుతూనే ఉంటారు. కాదనవద్దు, కాని కొటేషన్ చూడండి. ఇరుకు ఎక్కడుంది? చెడిపోతే బాగుచేసేదెవరు? అన్ని భాగములతో సంపూర్ణముగా వస్తుందా? ఈ మూడు ప్రశ్నలకు ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు. మూడోది మాత్రం నాలాగా మరిచిపోకండి.

సెలవు.