మడమలోని ముల్లు

ఉదయం మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లు నొప్పి. పది అడుగులు నడిచిన పిమ్మట కొంత ఉపశమనం. చాలసేపు కూర్చొని లేచినపుడు మరల అదే బాధ. ఈ లక్షణాలు మీకున్నట్లయితే, అవి మీ ఒక్కరివీ కావు, ఈ కాలానివీ కావు. సుశ్రుతసంహిత వాతవ్యాధులను వివరించుచు, ఎగుడుదిగుడు నేలపై పాదం మోపుట వలన కలిగే ఒక నొప్పికి ‘వాతకంటకం’ అని పేరు పెట్టింది. కంటకమంటే ముల్లే కదా!

ప్రాచీనులకు అది పోలిక మాత్రమే. ఆధునికులకు ఆ ముల్లు కంటికి కనిపించింది. చిక్కంతా అక్కడే మొదలయింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌-కిరణాలను కనుగొన్నాడు. 1900లో ప్లెట్నర్ అనే జర్మను వైద్యుడు మడమ ఎముక అడుగున కొక్కెం వలె పొడుచుకొని వచ్చిన పెరుగుదలను వర్ణించాడు. నొప్పి ఉన్నది, దాని చేరువలో ముల్లు వంటి ఎముక ఉన్నది. ఇక కారణాన్ని వేరే వెదకనేల అనుకొన్నారు. ఆ ఎముక పెరుగుటకు సెగవ్యాధి కారణమని ఇరువదవ శతాబ్ది ఆరంభంలో కొందరు వైద్యులు తలచి, దానిని చెక్కి తొలగించారు. నొప్పితో వచ్చిన గృహస్థుడు అపనిందను కూడ మోసుకొని ఇంటికి పోవుటను ఊహించండి! (ఆ తలంపు పూర్తిగా నిరాధారం కాదు. కొన్ని సూక్ష్మజీవుల వ్యాధుల తర్వాత వచ్చే కీళ్ళవాతం మడమను కూడ బాధించగలదు. అయితే అట్టివారు కొద్దిమందే.)

ఏ నొప్పీ లేనివారికి కూడ ఈ ఎముక ముల్లు ఉంటుందని, తీవ్రమైన నొప్పి గలవారిలో కొందరికి అది ఉండదని క్రమంగా తేలింది. కనుక ఎక్స్‌రేలో ముల్లు కనిపించినంతనే శస్త్రచికిత్సకు తొందరపడవద్దు.

బాధకు మూలం సాధారణంగా మడమ నుంచి వ్రేళ్ళ మొదళ్ళ వరకు సాగే ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీ. కాలివ్రేళ్ళు పైకి వంగినపుడు ఈ పట్టీ గిలకపై తాడు వలె బిగిసి పాదపు వంపును ఎత్తుతుందని 1954లో హిక్స్ చూపాడు. అడుగడుగునా ఆ లాగుడు మడమ వద్ద పడుతుంది. అక్కడ ఉన్నది తాపమేనని వైద్యలోకం చిరకాలం నమ్మింది. 2003లో అమెరికాలో, శస్త్రచికిత్సలో తీసిన 50 నమూనాలను పరిశీలించగా తాపం జాడ కానరాలేదు. కనిపించింది తంతువుల శైథిల్యం.

స్టీరాయిడు సూదిమందు సుఖం నిలువకపోవుటకు ఇది ఒక కారణం కావచ్చును. 2012లో 82 మందిపై జరిగిన పరీక్షలో నాలుగు వారాల నాటికి నొప్పి తగ్గింది. ఎనిమిదవ వారానికి ఆ ఆధిక్యం మిగలలేదు. అంతకు ముందే, 1998లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 765 మంది రోగులలో 51 మందికి పట్టీ తెగగా, వారిలో 44 మంది ఈ సూదిమందు తీసుకొన్నవారు. సూదిమందును నేను నిషేధించను; కాని అది తొలిమెట్టు కారాదు.

నిలిచే మేలు చేసినది ఖర్చు లేని పని. 2003లో 101 మంది దీర్ఘరోగులపై జరిగిన పరీక్షలో, పిక్కను సాగదీయుట కంటె పట్టీనే సాగదీయుట ఎనిమిది వారాలలో ఎక్కువ ఫలమిచ్చింది. పద్ధతి ఇది: కూర్చొని, నొప్పి గల కాలిని రెండవ మోకాలిపై వేసుకొని, వ్రేళ్ళ మొదళ్ళను పట్టి, అరికాలు బిగిసేవరకు ముంగాలి వైపు లాగండి. పది అంకెలు లెక్కించి వదలండి. ఇట్లు పదిసార్లు, రోజుకు మూడు తడవలు. మొదటి తడవ ఉదయం పాదం నేల మోపకముందే కావాలి. హిక్స్ చెప్పిన గిలకే ఇక్కడ చికిత్స అయింది!

నెలలు పట్టవచ్చును, విసుగు చెందకండి. గట్టినేలపై వట్టికాళ్ళతో నడవకండి. ఇంటిలో కూడ మెత్తని పాదరక్షలు ధరించండి. అయితే నొప్పి రాత్రివేళ నిద్రలేపుతున్నా, జ్వరమో వాపో తిమ్మిరో ఉన్నా, చిన్నవయసులో రెండు మడమల నొప్పితో పాటు ఉదయం నడుము బిగుసుకొంటున్నా, మధుమేహులకు పాదంలో పుండు కనిపించినా, ఇంటి సాధనతో కాలం గడపక వైద్యుని చూడండి.