దగ్గరి పదికి, దగ్గరి వందకు: బాలలకు సంఖ్యల సవరణ

ఒక పూర్ణాంకాన్ని దానికి సమీపంలో ఉన్న పదికో వందకో మార్చి చెప్పడాన్ని సవరించడం అంటారు. ‘అయిదు గాని అంతకు మించి గాని ఉంటే పెంచు, లేకుంటే తగ్గించు’ అనే సూత్రాన్ని ముందే కంఠస్థం చేయిస్తే, ‘సమీపం’ అనే అసలు భావం బాలలకు అందదు. సంఖ్యారేఖతో ఆరంభించడమే మేలు. తిరువళ్లూరు జిల్లా బాలలకు ఆ రేఖ తిరుత్తణి కొండపైనే ఉన్నది.

అక్కడి సుబ్రహ్మణ్యస్వామి ఆలయానికి 365 మెట్లు. 243వ మెట్టుపై నిలిచిన బాలునికి 240వ మెట్టు మూడడుగుల కిందనే ఉన్నది. 250 చేరాలంటే ఏడు ఎక్కాలి. కనుక 240. 245 వద్ద రెండు దూరాలూ సమానం. పైకి పోవడం కేవలం ఒక ఒప్పందం. ఈ మాట ఉపాధ్యాయులు తప్పక చెప్పాలి.

చిక్కంతా 248 వద్ద వస్తుంది. వందకు సవరించమంటే కొందరు ముందు 250 చేసి, దానిని 300 చేస్తారు. నిజానికి 200కు 48 మెట్లు, 300కు 52. సరైన జవాబు 200. సవరించిన సంఖ్యను మళ్లీ సవరించరాదు.

2011 జనాభా లెక్కల్లో జిల్లా జనసంఖ్య 37,28,104. సుమారు 37 లక్షలనడం సబబే. ఏడాది దినాలకు గుర్తుగా చెప్పే మెట్లను మాత్రం 370 అనలేము. అలాగే 43 మంది పిల్లలను పదేసి మంది పట్టే వ్యానుల్లో తిరువళ్లూరు నుండి తిరుత్తణికి తీసుకుపోవాలంటే, 40కి సవరించి నాలుగు వ్యానులు పిలిస్తే ముగ్గురు వీధిలోనే మిగిలిపోతారు. అక్కడ అయిదు కావాలి.