అజీజ్‌నగర్‌లో గోల్‌పోస్టులు

మాది చేవెళ్ల. మా ఇంట్లో ఫుట్‌బాల్ అంటే పట్నంలోని ఫతే మైదానమే. 1967లో దానికి లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టినా మా నాయన పాత పేరు వదల్లేదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం కొట్టింది. మరుసటేడు జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. తర్వాత పట్నం క్రికెట్ వెంట పడింది.

ఇప్పుడు ఆట మా దిక్కుకే వచ్చింది. 2015లో విశాఖలో పుట్టిన శ్రీనిధి దక్కన్ క్లబ్, మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లోని దక్కన్ అరీనాను సొంత మైదానం చేసుకుంది. 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో రెండుసార్లూ రెండో స్థానమే. ఇక్కడ ఉన్నది చిన్న గ్యాలరీయే. మా దిక్కునున్న జంట జలాశయాలను కాపాడటానికి 1996లో సర్కారు తెచ్చిన 111 జీవో ఇక్కడి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. లేకుంటే ఈ దిక్కున ఆడుకునే నేల మిగిలేదా అని నాకు అనుమానమే.

మన బడుల పీఈటీ సార్లకు ఒక్క మాట: పిల్లలను దక్కన్ అరీనాకు తీసుకెళ్లండి, రహీం సాబ్ ఎవరో చెప్పండి.